నో నాటకరంగమున పియానో

ఇరువురు పెద్దలు ఒక్క పీఠముపై కూర్చుండవలసి వచ్చినపుడు ఒకరు ముందునకు జరుగుట, ఒకరు వెనుకకు ఒదుగుట లోకసహజము. కళల విషయమునను ఇట్లే జరుగుచుండును. రెండు దేశముల కళలను ఒకే రంగముపై నిలిపినచో ఒకటి దొరయు, రెండవది దాసియు నగుట పరిపాటి. అట్లు కాకున్న, రెండును తమ తమ రూపములను విడనాడి పేరులేని మూడవదిగా మారుచుండును. ఇట్లు గాక, రెండును తమ ధర్మమును విడువక, ఒకదాని ప్రక్క నొకటి నిలుచుట సాధ్యమా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకువారికి జపాను దేశపు నో నాటకమును, ఐరోపా ఖండపు పియానో సంగీతమును ఒక్కచోట చేర్చిన ప్రయత్నముల చరిత్ర మిక్కిలి ఉపకరించునని మా అభిప్రాయము. ఇంత దూరస్థములైన కళలు అరుదు. అయినను ఇవి కలిసికొన్నవి. ఆ కలిసికొన్న తీరులోనే మనము గ్రహింపవలసిన పాఠము కలదు.

మొదట ఆ నాటకమెట్టిదో చూతము. "నో" అను మాటకు జపాను భాషలో నేర్పు, సామర్థ్యము అని అర్థము. క్రీ. శ. 14వ శతాబ్దమున కన్నామి యను నటుడును, అతని కుమారుడు జెయామియు దేవాలయముల ఉత్సవములలో ఆడుచుండిన ఆటలను సంస్కరించి ఈ నాటకమునకు రూపము కల్పించిరి. సుమారు 1374లో దేశమునేలుచుండిన అషికాగా యోషిమిత్సు ప్రభువు క్యోటో నగరమున వీరి ఆట చూచి, ముగ్ధుడై, వారిని ఆదరించెను. అప్పటికి జెయామి ఇంచుమించు పండ్రెండేండ్ల బాలుడు. పెద్దవాడై అతడు నాటకములను రచించుటయే గాక, మన భరతముని వలె నటులకు శాస్త్రమును గూడ వ్రాసియిచ్చెను. ఇంతటి వానిని వృద్ధాప్యమున, 1434లో, నాటి పాలకుడు సాదో ద్వీపమునకు వెడలగొట్టెను. రాజాదరమున పెరిగిన కళకు రాజాగ్రహము కూడ తెలిసినదే యని దీనివలన తెలియుచున్నది.

నో రంగము సుమారు 6 మీటర్ల చదరము. నున్నని సైప్రసు పలకల నేల, నాలుగు స్తంభములు, పైన కప్పు. వెనుక గోడపై ఒక్క పైను చెట్టు చిత్రము. తెర లేదు, కొండలు, కోటలు చూపు రంగుపటములు లేవు. ప్రధాననటుడు కొయ్యతో చెక్కిన మొగముతొడుగు ధరించి, ప్రక్కనున్న వంతెన వంటి దారి గుండ మెల్లగా నడచి వచ్చును. పెక్కు నాటకములలో కథ యొక్కటే విధమున నడచును. బాటసారియైన సన్న్యాసి యొక ప్రదేశమునకు వచ్చును. అచట నొక గ్రామస్థుడో, స్త్రీయో కనబడి ఆ చోటి పూర్వకథ చెప్పి మాయమగును. ఆ చెప్పినది చనిపోయిన వారి ఆత్మయే యని పిదప తెలియును. ఆత్మ నిజరూపమున మరల వచ్చి, తన దుఃఖమును పాడి, ఆడి, శాంతి నొంది వెడలిపోవును. జరుగుచున్న కథ కంటె జరిగిపోయిన కథ యొక్క జ్ఞాపకమే యిచట ప్రధానము. మన ఆలంకారికులు ధ్వని యని దేనిని ప్రశంసించిరో దానిని ఈ నటులు మాటలలో కంటె మౌనములో వెదకిరని చెప్పవచ్చును.

వాద్యములు నాలుగే: ఒక వేణువు, డమరుకము వంటి ఆకారము గల రెండు చేతిడోళ్లు, కర్రలతో వాయించు మరియొక డోలు. ఈ నాలుగవది అన్ని నాటకములలోను ఉండదు. చేతిడోళ్లలో పెద్దదాని చర్మమును ఆటకు ముందు బొగ్గుల సెగపై బాగుగ ఎండబెట్టుదురు; చిన్నదాని చర్మమును తేమతో మెత్తగా నుంచుదురు. ఒకటి కొయ్యవలె టంగుమని పలుకును, మరియొకటి నీటిబొట్టువలె మృదువుగా పలుకును. వేణువు లోపల ఒక చిన్న గొట్టమును అమర్చుటచేత దాని స్వరములు సక్రమమైన స్థాయిలో పలుకవు. ఆ సక్రమత వారికి అక్కరలేదు. పాటను వేణువుతో శ్రుతి కలుపవలెనను నియమమే నోలో లేదు. ఎనిమిదిమంది వంతపాటగాండ్రు ప్రక్కన కూర్చుందురు. తాళము వేసి నడిపించు సూత్రధారుడు లేడు. డోలుగాండ్రు దెబ్బకు దెబ్బకు నడుమ వేయు కేకలే కాలమును కొలిచి చూపును. ఆ నడిమి శూన్యమును వారు "మా" అందురు. అది ఊరక ఖాళీగా నుండు చోటు కాదు. రాబోవు దెబ్బకై నిండియున్న చోటు.

పియానో పుట్టుక దీనికి పూర్తిగా భిన్నము. సుమారు 1700లో ఇటలీ దేశపు ఫ్లారెన్సు నగరమున బార్తొలొమియో క్రిస్తొఫొరి యను వాద్యశిల్పి తీగలను మీటుటకు బదులు చిన్న సుత్తెలతో కొట్టు వాద్యమును నిర్మించెను. వ్రేలి బలమును బట్టి నాదము మెల్లగను, గట్టిగను పలుకుటయే దాని విశేషము. తరువాతి శతాబ్దమున దానికి ఇనుపచట్రము చేరినది. నేటి పెద్ద పియానోకు 88 మెట్లు, రెండువందలకు పైబడిన తీగలు కలవు. ఆ తీగలన్నిటి బిగువును కూడినచో 20 టన్నులకు సమీపమగును; వాద్యపు బరువు సుమారు అర టన్ను. దాని స్థాయి 12 సమభాగములుగా విభజింపబడి బిగింపబడినది. వాయించువాడు స్వరమును వంపలేడు, జార్చలేడు, గమకమును పలికింపలేడు. నో పాటలో ఏ స్వరమును స్థిరము కాదు. పియానోలో ప్రతి స్వరమును స్థిరమే.

ఇంత విరోధములోను ఒక్క సామ్యము కలదు. వయొలిను వాయించువాడు కమానుతో నాదమును నిలుపగలడు, పెంచగలడు. పియానో వాయించువానికి ఆ శక్తి లేదు. మెట్టు నొక్కినంతనే పుట్టిన నాదము ఆ క్షణమునుండియే క్షీణించుచు పోయి మౌనములో కలియును. కావున పియానో తీగల వాద్యముగా కనబడినను స్వభావముచేత డోలునకే చుట్టము. దెబ్బ, దాని వెనుక మెల్లగా ఆవరించు నిశ్శబ్దము: ఈ రెండును నో డోలునకును పియానోకును సమానములు. ఈ చిన్న ద్వారముననే రెండు కళలును తరువాతి కాలమున ఒకదాని నొకటి పలుకరించినవని మేము తలంచుచున్నాము.

ఆ పలుకరింపునకు చాలకాలము పట్టెను. జర్మను వైద్యుడు జీబోల్ట్ 1823లో నాగసాకిలోని డచ్చివారి వర్తకస్థానమునకు వచ్చినపుడు తనతో నొక పియానో తెచ్చెను. తిరిగి పోవునపుడు దానిని హాగీ పట్టణపు వర్తకుని కొకనికి కానుకగా నిచ్చెను. అది నేటికిని ఆ పట్టణమున భద్రముగా నున్నది. కాని ఆ వాద్యము దేశములో వ్యాపించినది 1868లో రాజ్యము మారిన పిదపనే. తొకుగావ ప్రభువులు నోను రాజసభల ఉత్సవకళగా పోషించి, నటులకు జీతబత్తెము లిచ్చుచుండిరి. వారి ప్రభుత్వము కూలగనే నటులు దిక్కులేనివారైరి. కొందరు తరతరముల నాటి తొడుగులను, పట్టువస్త్రములను అమ్ముకొనిరి; మరికొందరు వృత్తినే విడిచిరి. ఉమెవాక మినోరు వంటి కొద్దిమంది మాత్రము పట్టుదలతో ఆడుచు వచ్చిరి.

1871 మొదలు 1873 వరకు ఇవాకురా తొమోమి నాయకత్వమున అమెరికా, ఐరోపాలకు వెళ్లిన జపాను రాయబారులు అచట రాజ్యాతిథులను సంగీతనాటకములకు గొనిపోవు ఆచారమును చూచిరి. తమ దేశమునకు వచ్చు అతిథులకు తామేమి చూపవలెనను ప్రశ్న వారికి కలిగెను. 1879లో అమెరికా మాజీ అధ్యక్షుడు గ్రాంటు జపానునకు వచ్చినపుడు ఇవాకురా తన యింట నో నాటక మాడించెను. 1881లో టోకియోలోని షిబా ఉద్యానమున నోకై ఒక రంగశాల వెలసెను. ఇది యొక చేయి. రెండవ చేయి చేసిన పనిని గూడ చూడవలెను. అదే 1879లో ప్రభుత్వము ఇసావా షూజీ అధ్యక్షతన సంగీతవిచారణసంఘమును స్థాపించెను; 1880లో బోస్టను నగరమునుండి లూథర్ వైటింగ్ మేసన్ అను ఉపాధ్యాయుని రప్పించెను. పాఠశాలలలో ఐరోపా స్వరములలో పాటలు నేర్పుట మొదలయ్యెను. 1887లో ఆ సంఘమే టోకియో సంగీతపాఠశాల యయ్యెను. 1900లో యమహా తొరకుసు సంస్థ తన మొదటి నిలువు పియానోను తయారుచేసెను.

ఒకే నగరమున, ఒకే దశాబ్దమున, ఒకే ప్రభుత్వము పాతకళకు గుడి కట్టి, పిల్లల చెవులకు క్రొత్తకళను అలవాటు చేసెను. ఇందు కపటము లేదు. నాటి పెద్దలు రెండును అవసరమనియే నమ్మిరి. కాని ఫలితమేమి? తరువాత డెబ్బదియేండ్లు నోయు పియానోయు ఒకే నగరమున ఇరుగుపొరుగుననుండియు ఒకరి గడప నొకరు త్రొక్కలేదు. నో నటుడు మరియొక విధమైన రంగముపై కాలు మోపుట తప్పుగా నెంచబడుచుండెను. సంగీతపాఠశాలలో చదివిన యువకునకు నో పాట తాతలనాటి గొణుగుడుగా వినబడుచుండెను. ఒక జాతి చెవి రెండుగా చీలినది.

ఆ చీలిక ప్రక్కన కూర్చుండి ఆలోచించినవారు యుద్ధానంతరపు యువకులు. 1945లో దేశ మోడిపోయెను. 1952 వరకు పరసేనల పాలనలో నుండెను. పూర్వుల గౌరవమును చెప్పుకొనుటకే సిగ్గుపడు దినము లవి. 1951లో టోకియోలో కొందరు చిత్రకారులు, కవులు, సంగీతరచయితలు కలిసి "జిక్కెన్ కోబో", అనగా ప్రయోగశాల, అను బృందముగా నేర్పడిరి. ఆ పేరు పెట్టినవాడు కవి తాకిగుచి షూజో. తాకేమిత్సు తోరు, యువాసా జోజి అను సంగీతరచయితలును, సోనోదా తాకహీరో అను పియానో విద్వాంసుడును అందు సభ్యులు. వీరికిని, సంప్రదాయనాటకములను క్రొత్తగా ప్రయోగించు తకేచీ తెత్సుజీ అను దర్శకునకును జరిగిన కలయికయే మా కథలో ముఖ్యఘట్టము.

1955 డిసెంబరు 5వ తేదీన టోకియోలోని సాంకేయి భవనమున, ప్రేక్షకులు చుట్టును కూర్చుండు వృత్తరంగముపై, వీరు "పియెరో లునేర్" అను కృతిని ప్రదర్శించిరి. అనగా చంద్రుని పిచ్చి పట్టిన పియెరో యని అర్థము. ఆర్నోల్డ్ షోన్‌బర్గ్ 1912లో బెర్లినులో రచించిన సంగీతమిది. బెల్జియము దేశపు ఫ్రెంచికవి అల్బేర్ జిరో వ్రాసిన పద్యములకు జర్మను అనువాదములైన 21 ఖండికలను ఒక గాయని చదువును. పియానో, వేణువు, క్లారినెట్టు, వయొలిను, చెల్లో ఆమెతో నడచును. ఎక్కువ ఖండికలలో పియానోయే వెన్నెముక. జపానులో పియెరో వేషము వేసినవాడు నొమురా మన్నొజో. ఇతడు నో నాటకముల నడుమ ఆడు హాస్యనాటకమగు క్యోగెన్ వంశీయుడు. హార్లెకిన్ వేషము కాంజే హిసావోది. ఇతడు జెయామి పేరుతో ముడివడిన కాంజే సంప్రదాయపు నో నటుడు, అప్పటికి ముప్పదియేండ్లవాడు. కొలంబీన్ అను స్త్రీపాత్రను హామదా యోకో ధరించెను.

ఈ పాత్రవిభాగమును చదువరులు కొంచెము గమనింపవలెను. పియెరో, హార్లెకిన్ అనువారు ఇటలీ వీధినాటకములనుండి వచ్చిన పాత్రలు. అందు హార్లెకిన్‌కు మొగముతొడుగు కలదు. పియెరోకు లేదు, పిండి పూసిన తెల్లని మొగమే. క్యోగెన్ నటుడు సామాన్యముగా తొడుగులేకయే ఆడును. నో నటుడు తొడుగుతో ఆడును. కావున ఐరోపా నాటకమున ఎవరి ధర్మమేదో, జపాను నాటకమున ఎవరి ధర్మమేదో పోల్చి చూచి పాత్రల నిచ్చినట్లున్నది. నటులను పాశ్చాత్యులవలె నడువుమని చెప్పలేదు. పియానోను డోలువలె వాయింపుమనియు చెప్పలేదు.

అయినను ఈ రెండును కలియుటకు ఆధారమేమి? షోన్‌బర్గ్ తన కృతికి వ్రాసిన పీఠికలో గాయనికి ఒక విచిత్రమైన నియమము విధించెను. లయను తు.చ. తప్పక పాటింపవలెను, స్వరమును మాత్రము తాకి, తాకిన వెంటనే విడిచి, పైకో క్రిందికో జారవలెను. పాడరాదు, ఊరక మాటలాడనురాదు. ఐరోపా వారికి ఇది క్రొత్త. నో నటునకు ఇది తరతరములనాటి నిత్యాభ్యాసము. నో పాటలో "బలస్వరము" అనబడు పద్ధతియందు స్వరముల యెడము నిర్ణయింపబడియుండదు. కంఠపు పీడనమే పాటను నడుపును. ఒక సంప్రదాయము తన స్వరనియమములను సడలించుకొనుచు సడలించుకొనుచు వచ్చి చేరిన చోటనే రెండవ సంప్రదాయము అప్పటికే కాపురమున్నది. పైగా షోన్‌బర్గ్ ఏడవ ఖండికలో పియానోతోసహా అన్నిటిని ఆపి, కంఠమునకు తోడుగా ఒక్క వేణువునే ఉంచెను. పియానో ఎచట పలుకవలెనో తెలిసినవానికే ఎచట పలుకరాదో కూడ తెలియును.

అదే సాయంత్రమున మిషిమా యుకియో వ్రాసిన ఆధునిక నో నాటకము "ఆయా నో త్సుజుమి" గూడ ఆడబడెను. దాని మూలమైన ప్రాచీన నాటకమున ఒక ముసలి తోటమాలి రాజాంతఃపురపు స్త్రీని ప్రేమించును. చెట్టుకు కట్టిన డోలును వాయింపుమనియు, ఆ ధ్వని అంతఃపురమునకు వినబడినచో తాను కనబడుదుననియు ఆమె కబురు పంపును. కాని ఆ డోలునకు మూసినది చర్మము కాదు, పట్టుబట్ట. ఎంత కొట్టినను అది పలుకదు. ముసలివాడు కొలనులో పడి ప్రాణములు విడిచి, ఆత్మయై వచ్చి ఆమెను బాధించును. ఒక రంగముపై ఒకే రాత్రి పియానో పలుకుటయు, డోలు పలుకకుండుటయు! పరదేశపు వాద్యమును పిలిచి, తమ వాద్యమునకు పట్టుబట్ట కప్పుట ఎంత సులభమో ఆ యువకులు ఎరుగనివారు కారు.

ఇందుపై ఆక్షేపణ లేకపోలేదు. తొడుగు ధరించినవాడు వచ్చి నిలిచినంతనే నో యగునా? ప్రార్థనవంటి కళను విందుగా మార్చుట కాదా? అని అడుగవచ్చును. ఈ ఆక్షేపణలో బలము కలదు. కాని దానికి సమాధానము మాటలలో గాక కాంజే హిసావో జీవితములో నున్నది. అతడు క్రొత్తదాని రుచి మరగి నోను విడువలేదు. 1962లో ప్యారిసునకు వెళ్లి ఝాన్ లూయీ బారో అను ప్రసిద్ధనటుని వద్ద నాటకకళను పరిశీలించెను. తిరిగివచ్చి జెయామి గ్రంథములను మరింత శ్రద్ధతో చదివెను. 1978లో మరణించువరకు నో నటుడుగనే యుండెను. పొరుగింటికి పోయివచ్చినవానికి తన యిల్లు బాగుగ కనబడును.

ఇట్టి ప్రయత్నములను ఐరోపా వారును చేసిరి. 1916లో ఐరిషుకవి యేట్సు నోను అనుకరించి వ్రాసిన నాటకము లండనులో ఒక గృహమున ఆడబడెను. జపాను నర్తకుడు ఇతో మిచియో అందు నర్తించెను. ఆంగ్ల సంగీతరచయిత బెంజమిన్ బ్రిటెన్ 1956లో టోకియోలో "సుమిదగావ" అను నో నాటకమును చూచెను. జెయామి కుమారుడు మొతొమాస రచించినది అది; అపహరింపబడిన బిడ్డను వెదకుచు పిచ్చిదైన తల్లి నదీతీరమున ఆ బిడ్డ సమాధిని కనుగొను కథ. దానినుండి 1964లో బ్రిటెన్ "కర్లూ రివర్" అను సంగీతనాటకమును కూర్చెను. బ్రిటెన్ స్వయముగా గొప్ప పియానో వాదకుడు. అయినను ఆ నాటకమున పియానోను ఉంచలేదు. వేణువు, కొమ్ము, హార్పు, డోళ్లు, చిన్న ఆర్గను మొదలగువానితో సరిపెట్టెను. నడిపించు నాయకుని గూడ తొలగించి, వాదకులు ఒకరి నొకరు విని ఆగి సాగునట్లు ఏర్పరచెను. నోలో అనుకరింపవలసినది ఉడుపులు కావు, వినికిడి యని ఆయన గ్రహించెను.

1967లో జిక్కెన్ కోబో సభ్యుడగు తాకేమిత్సు, న్యూయార్కు నగరపు వాద్యబృందము కొరకు "నవెంబర్ స్టెప్స్" రచించెను. జపాను వీణయగు బీవాను, వెదురు వేణువగు షకుహచిని ఐరోపా వాద్యముల యెదుట నిలిపెను గాని వానిలో కలుపలేదు. రెండింటి భేదమును దాచక చూపుటయే ఆయన ఉద్దేశము.

చివరగా ఒక ఘట్టము. 2010వ సంవత్సరము పోలండు దేశపు పియానో సంగీతరచయిత షోపేన్ ద్విశతజయంతి. నో విద్యను అభ్యసించిన పండితురాలును, అప్పుడు టోకియోలో పోలండు రాయబారియు నగు యద్విగా రొదొవిచ్ షోపేన్‌ను గూర్చి ఒక నో నాటకము వ్రాసెను. 2011లో తెస్సెన్‌కాయ్ నటబృందము దానిని ప్రదర్శించెను. బృందనాయకుడు కాంజే తెత్సునొజో. ఇతడు కాంజే హిసావోకు సోదరుని కుమారుడు. నాటకము పేరు "పియానో శ్రుతి కూర్చువాడు". 1849లో మరణించిన షోపేన్ ఆత్మ ఈ రూపమున కనబడును. ఆయన స్నేహితుడైన చిత్రకారుడు దెలక్రువా యెదుట నిలుచును. నో కథకు కావలసినవి చనిపోయినవాని జ్ఞాపకము, దానిని వినుటకు వచ్చిన బాటసారి. పియానోకు కావలసినది శ్రుతి కూర్చువాడు. ఈ రెండును ఒక్క పాత్రలో నిమిడినవి. పెదతండ్రి 1955లో తెరచిన ద్వారముననే కుమారుడు 2011లో నడచెను.

మా చిన్ననాటి అనుభవము నొకదానిని ఇచట చెప్పుకొనుట అప్రస్తుతము కాదనుకొందుము. మేము పద్యనాటకములను హార్మోనియము శ్రుతిలో విని పెరిగినవారము. అదియు ఐరోపానుండి వచ్చిన మెట్లవాద్యమే. దాని మేలు మేము మరువలేము. మైకులు లేని దినములలో నటుని గొంతుకు అది కొండంత అండ. కాని పద్యము పాడు నటుడు గమకమును విడిచి మెట్టువెంట మెట్టుగా రాగము తీయుటను గూడ వింటిమి. అండగా వచ్చినది దారి చూపునదియై, క్రమముగా దొరయయ్యెను. దానిని చక్కదిద్దు ఉపాయము నిషేధమని కొందరు తలంచిరి. 1940లో ఆల్ ఇండియా రేడియో హార్మోనియమును వెలివేసెను. 1971 వరకు ఆ వెలి సాగెను. దొరతనమును ఒప్పుకొనుటయు, వెలివేయుటయు అను రెండు మార్గములే మనకు తోచినవి.

టోకియో యువకులు చూపినది మూడవ మార్గము. వారు పియానోను గొంతునకు శ్రుతిగా పెట్టలేదు; వాకిట నిలిపి పంపనులేదు. ప్రక్కన కూర్చుండబెట్టి, ఇరువురకు నడుమ కొంత ఎడము విడిచిరి. ఆ యెడములో ఒకరి నాదము క్షీణించి ముగియువరకు మరియొకరు వినుచుండవలెను. సంస్కరణమనగా పాతదానిని పడగొట్టుటయో, క్రొత్తదానిని పూయుటయో అని తలంచువారు ఈ చరిత్రను తప్పక చదువవలెను. పరకళను ఆహ్వానించుటకు ధైర్యము కావలెను. ఆహ్వానించినదాని యెదుట మన డోలునకు పట్టుబట్ట కప్పకుండుటకు అంతకు మించిన ధైర్యము కావలెను.